కొత్త ల్యాప్‌టాప్, పాత స్టీరియో, 37 క్యాసెట్లు: ఈ హమ్ ఎక్కడి నుంచి వస్తోంది?

రివైండ్ పెన్సిల్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేవాణ్ని. ఇవాళ రాయక తప్పలేదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా ఇంట్లో 1980ల నాటి స్టీరియో సెట్టు ఉంది. ఆంప్లిఫయర్ ఒకటి, విడిగా క్యాసెట్ డెక్ ఒకటి. ఆంప్లిఫయర్‌లో ఎండిపోయిన కెపాసిటర్లు మార్పించాను. వాల్యూమ్ తిప్పితే కరకరలాడేది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాక అదీ పోయింది. డెక్‌కి కొత్త బెల్టు వేశాను. పాతది జిగురైపోయి పుల్లీకి అంటుకుపోతే గంటసేపు గీకాల్సి వచ్చింది. ఇప్పుడు రెండూ నాకన్నా ఆరోగ్యంగా ఉన్నాయి.

పని ఏమిటంటే, మా అక్క చిన్నప్పుడు వయొలిన్ సాధన చేస్తూ టూ ఇన్ వన్‌లో రికార్డు చేసుకునేది. అలాంటివి 37 క్యాసెట్లు, అన్నీ 90 నిమిషాలవే. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించమని అడిగింది. "జ్ఞాపకాల కోసమా?" అంటే, "కాదురా, అప్పుడు ఎక్కడెక్కడ తప్పు వాయించానో ఇప్పుడైతే తెలుస్తుంది" అంది.

పాత కంప్యూటర్ ఉన్నన్నాళ్లూ ఒక యూఎస్‌బీ సౌండ్ బాక్సుతో ఈ పని సాఫీగా జరిగేది. అది 32 బిట్ విండోస్ 7. ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. కొత్త ల్యాప్‌టాప్ విండోస్ 11. దాని పక్కన ఒకే ఒక్క జాక్, రెండు యూఎస్‌బీ-సి రంధ్రాలు, అంతే. పాత బాక్సు తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో పసుపు త్రిభుజం తప్ప ఏమీ రావడం లేదు. కంపాటిబిలిటీ మోడ్‌తో సహా అన్నీ చూశాను.

ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యాలు ఇవి. నవ్వుకున్నా ఫర్వాలేదు.

ముందు, పాటలు వినడానికని ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆంప్లిఫయర్‌కి కేబుల్ వేశాను. వెనక ఖాళీగా ఉన్న సాకెట్ ఫోనో ఒక్కటే, అందులో పెట్టాను. గది గోడలు అదిరాయి. పాటలా లేదు, పీపాలో కూర్చుని ఎవరో అరుస్తున్నట్టుంది. తర్వాత ఆక్స్‌లో (అదనపు పరికరాల సాకెట్) ఉన్న రేడియో ట్యూనర్ తీసేసి కేబుల్ అందులోకి మార్చాను. అప్పుడు బాగానే వచ్చింది, కానీ ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని హమ్. చార్జర్ తీస్తే పోతుంది.

రికార్డింగ్ కథ ఇంకా ఘోరం. ఆంప్లిఫయర్ రెక్ అవుట్ (రికార్డింగుకి శబ్దం బయటికిచ్చే సాకెట్) నుంచి తీద్దామంటే, ఏది వినాలో ఎంచుకునే సెలెక్టర్ టేప్ మీద పెట్టగానే అక్కడ శబ్దమే లేదు. డెక్ వెనక ఐదు పిన్నుల డిన్ సాకెట్ ఒక్కటే ఉంది. దానికి అవతలి కొసన రెండు ఆర్‌సీఏ పిన్నులున్న (ఎడమకొకటి, కుడికొకటి) కేబుల్ తెచ్చి పెట్టాను. ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టు వినీ వినపడకుండా వచ్చింది. చివరికి ఫోన్ హెడ్‌సెట్లకి వాడే వై స్ప్లిటర్ తెచ్చి, ఆంప్లిఫయర్ హెడ్‌ఫోన్ సాకెట్‌ని ల్యాప్‌టాప్ మైకు వైపు కలిపాను. వచ్చింది! మోనోలో, పగిలిపోయిన గొంతుతో.

ఆ పగిలిన రికార్డింగే అక్కకి వినిపించాను. విని, "శ్రుతి పెరిగిందిరా" అంది. శబ్దం ఇంత ఛండాలంగా ఉంటే తనకి శ్రుతి వినపడింది!

ఇంతకీ ఆంప్లిఫయర్ అమ్మేసి కొత్తది కొనుక్కోవడమే దారా? అది మాత్రం చెప్పకండి.

---

ఒక్క క్లిక్:

ఇంత టెన్షన్ ఎందుకండీ? చిన్న బ్లూటూత్ రిసీవర్ కొని ఆక్స్‌లో పెట్టండి. వైరూ ఉండదు, హమ్మూ ఉండదు. మాది అలాగే నడుస్తోంది.

---

సోల్డరు పొగ:

బ్లూటూత్ వినడానికి ఫర్వాలేదు, వీడియో చూస్తున్నప్పుడు పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది గానీ. కానీ ఆ రిసీవర్ కంప్యూటర్ నుంచి ఆంప్లిఫయర్‌కి వెళ్లే దారి మాత్రమే. ఆయనకి కావలసింది డెక్ నుంచి కంప్యూటర్‌కి రావడం.

పెన్సిల్ గారూ, ఆంప్లిఫయర్ అమ్మకండి. మీ సామాన్లలో ఏదీ చెడిపోలేదు. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకదాని మాట ఇంకొకదానికి తెలియక వచ్చినవే. 1980ల ఆంప్లిఫయర్ దృష్టిలో కంప్యూటర్ అంటే ఇంకో టేప్ డెక్, అంతకుమించి ఏమీ కాదు. డెక్‌ని ఎక్కడ కలిపేవారో అక్కడే, అంతే మర్యాదగా కలిపితే చాలు.

ఫోనో సంగతి ముందు. అది రికార్డ్ ప్లేయర్ ముల్లు కోసం పెట్టిన సాకెట్. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. మీ ల్యాప్‌టాప్ పూర్తి వాల్యూమ్‌లో ఒక వోల్టు దాకా ఇస్తుందనుకుంటే దాదాపు 200 రెట్లు ఎక్కువ పోశారన్నమాట. దానికి తోడు రికార్డులు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. ఫోనో సాకెట్ దాన్ని తిరగేసి బేస్‌ని పైకి లేపుతుంది. రియా కర్వ్ అంటారు, 1954 నుంచి వాడుకలో ఉంది. 20 హెర్ట్జ్ దగ్గర ఆ పెంపు దాదాపు 20 డెసిబెల్లు. మీరు విన్న పీపా అదే. ఆక్స్, ట్యూనర్, టేప్ ఇన్ అన్నీ లైన్ లెవెల్ సాకెట్లు, అంటే ముల్లు ఇచ్చే మిల్లీవోల్టులకి కాక మామూలు పరికరాలు ఇచ్చే సిగ్నల్‌కి తయారైనవి. కంప్యూటర్‌ని వీటిలో దేనికైనా పెట్టొచ్చు. పేరులో ఏముందిలే అనుకోకండి, ఈ ఒక్క సాకెట్ పేరు మాత్రం చదివి పెట్టాలి.

టేప్ పెడితే రెక్ అవుట్‌లో శబ్దం రాకపోవడం లోపం కాదు, కావాలనే అలా చేశారు. డెక్ నుంచి వచ్చింది మళ్లీ డెక్‌కే రికార్డింగుకి వెళితే ఊళ మొదలవుతుంది. అందుకే టేప్ ఎంచుకోగానే ఆ దారి మూసేస్తారు. కాబట్టి క్యాసెట్లని ఆంప్లిఫయర్ మీదుగా కాకుండా నేరుగా డెక్ నుంచే తీయాలి.

ఇక డిన్. ఇక్కడే చాలామంది పడతారు, నేనూ పడ్డాను. ఐదు పిన్నులు వంపులో 1, 2, 3, 4, 5 అని ఉండవు. వరస 1, 4, 2, 5, 3. మధ్యలోది, అంటే 2, గ్రౌండు. డెక్ వైపు 1, 4 రికార్డింగ్ కోసం లోపలికి వచ్చేవి. 3, 5 ప్లే చేసినప్పుడు బయటికి పోయేవి, 3 ఎడమ, 5 కుడి. మీ కేబుల్‌కి రెండే ఆర్‌సీఏలు ఉన్నాయంటే అది ఏదో ఒక జతకే పనికొస్తుంది, మీకొచ్చింది 1, 4 జతది అయి ఉంటుంది. మీరు లోపలికి పోయే తలుపు దగ్గర చెవి పెట్టి, పక్క తీగల నుంచి లీకైంది విన్నారు. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి ఆర్‌సీఏ మధ్య పిన్ను ఏ డిన్ పిన్నుకి పలుకుతుందో చూడండి. ప్లగ్గుని ముందు నుంచి చూస్తే వరస ఒకలా, సోల్డరు వైపు నుంచి చూస్తే తారుమారు. ప్లగ్గు ప్లాస్టిక్ మీద అంకెలు అచ్చువేసి ఉంటే కళ్లద్దాలు పెట్టుకుని అవి చదవండి. నాలుగు ఆర్‌సీఏలున్న కేబుల్ దొరికితే ఈ గొడవే ఉండదు, రెండు జతలూ బయటికి వస్తాయి.

ల్యాప్‌టాప్ జాక్‌ని మాత్రం రికార్డింగుకి మర్చిపోండి. ఆ ఒక్క జాక్‌లో నాలుగు కాంటాక్టులు: ఎడమ, కుడి, గ్రౌండు, మైకు. మైకుకి ఉన్నది ఒకటే, కాబట్టి మోనో తప్ప వేరే దారి లేదు. పైగా మైకుని నడపడానికి ఆ కాంటాక్టులో చిన్న వోల్టేజీ కూడా ఉంటుంది, వెనక మిల్లీవోల్టులకి తయారైన ఆంప్ ఉంటుంది. మీరు దాని నెత్తిన స్పీకర్లు నడిపే యంత్రం తాలూకు హెడ్‌ఫోన్ సాకెట్ పెట్టారు. గొంతు పగలక ఏం చేస్తుంది? ఇంకో మాట, తొందరలో ఎవరైనా స్పీకర్ టెర్మినళ్ల నుంచి కంప్యూటర్‌కి కలుపుతారేమో, ఆ పని మాత్రం చేయకండి. జాక్ ఒక్కటే పోతే అదృష్టం.

కావలసింది లైన్ ఇన్ ఉన్న, రెండు చానళ్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. బెహ్రింగర్ యూసీఏ202 లాంటిది చాలు. రెండు ఆర్‌సీఏలు లోపలికి, రెండు బయటికి, డ్రైవర్ అక్కర్లేదు. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకే అని మొహం చిట్లించకండి. డాల్బీ (టేపు రొద తగ్గించే ఏర్పాటు) లేని మామూలు క్యాసెట్‌లో నిశ్శబ్దానికీ గట్టి శబ్దానికీ తేడా 50, 60 డెసిబెల్లకి మించదు. 16 బిట్‌లో 96 పడుతుంది. గిద్దెడు పాలకి బిందె సరిపోదా? వేలెడంత యూఎస్‌బీ డాంగిల్స్ మాత్రం కొనకండి. చాలావాటిలో ఉండేది మోనో మైకు రంధ్రమే, మళ్లీ మొదటికొస్తారు.

ఇంటర్‌ఫేస్ పెట్టాక విండోస్‌లో ఒకసారి చూసుకోవలసినవి ఉన్నాయి. దాని లైన్ ఇన్‌ని "మైక్రోఫోన్" అనీ, ఒకటే చానల్ అనీ చూపించొచ్చు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 2 చానల్, 16 బిట్, 44100 చేయండి. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఉంటే ఆపేయండి, లేకపోతే వయొలిన్ సన్నగా వాయించిన చోటల్లా రొద అనుకుని నొక్కేస్తుంది. ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి కూడా ఆన్‌లో ఉండాలి. లైన్ ఇన్ అయినా సరే, విండోస్‌కి అది మైకే.

హమ్ గురించి: మీ ఆంప్లిఫయర్‌ది మూడు పిన్నుల ప్లగ్గా? చార్జర్‌ది కూడానా?

---

రివైండ్ పెన్సిల్:

రెండూ మూడు పిన్నులవే. ఆంప్లిఫయర్ ఒక గోడకి, చార్జర్ ఎదురు గోడకి.

కేబుల్ చూశాను. మీరన్నట్టే 1, 4. విప్పి 3, 5కి మార్చి సోల్డర్ చేశాను. జీవితంలో నా మొదటి సోల్డరు, వేలు కాలింది, కానీ పలికింది!

---

సోల్డరు పొగ:

అయితే గ్రౌండ్ లూప్. ఆంప్లిఫయర్ బాడీ ఒక దారిలో ఎర్త్‌కి వెళుతోంది. ల్యాప్‌టాప్ చార్జర్ ద్వారా ఇంకో దారిలో వెళుతోంది. మీ ఆడియో కేబుల్ పైపొర ఆ రెంటినీ కలిపి పెద్ద చుట్టు చేసింది. అందులో ఊరికే తిరిగే కరెంటు మీకు హమ్‌గా వినిపిస్తోంది. చార్జర్ తీయగానే చుట్టు తెగుతుంది, హమ్ పోతుంది.

మందు సులువే. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ మీద పెట్టండి. క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలే కదా, ఏ ల్యాప్‌టాప్ అయినా లాగుతుంది. వినేటప్పుడు చార్జర్ కావాలంటే రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి, చుట్టు చిన్నదై చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే ఆడియో లైన్‌లో పెట్టే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. శబ్దం అయస్కాంతం మీదుగా దాటుతుంది, గ్రౌండు తీగ దాటదు. ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. పోతుంది, నిజమే. లోపల ఏ వైరో ఊడి లోహపు బాడీకి తగిలిన రోజు మీరూ పోతారు. ఆ పిన్ను జోలికి వెళ్లకండి.

రికార్డింగ్ లెవెల్ గట్టిచోట మైనస్ 6 డెసిబెల్ల దగ్గర ఆగేలా పెట్టండి. టూ ఇన్ వన్‌లో చేసినవి కాబట్టి డెక్ మీద డాల్బీ ఆపి ఉంచండి, లేకపోతే పైస్వరాలు చచ్చిపోతాయి. హెడ్డునీ రబ్బరు రోలర్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మీకు చెప్పక్కర్లేదనుకుంటా.

---

లైనక్స్ ఇంటివాడు:

పాత సౌండ్ బాక్సు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను.

ఆ పసుపు త్రిభుజం ఎందుకంటే, బాక్సుకి వచ్చిన డ్రైవర్ 32 బిట్‌ది. డ్రైవర్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడిలో కూర్చునేది. 64 బిట్ గుళ్లోకి 32 బిట్ పూజారిని రానివ్వరు. మామూలు పాత ప్రోగ్రాములు నడుస్తాయి గానీ డ్రైవర్లు నడవవు, అందుకే కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు.

కానీ బాక్సు బతికే ఉంది కదా! యూఎస్‌బీ ఆడియోకి 1998లోనే ఒక ఉమ్మడి ప్రమాణం వచ్చింది. దాన్ని పాటించిన పరికరానికి కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు. పాటించని వాటిలో కూడా చాలావాటి తిక్కలకి, విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్ లైనక్స్ గర్భగుడిలో (కెర్నెల్‌లో) విడిగా సవరణలు రాసిపెట్టి ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఏదైనా లైవ్ లైనక్స్ వేసుకుని దాని మీంచి బూట్ చేయండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయొద్దు, మీ విండోస్ జోలికి అది రాదు. బాక్సు తగిలించి సౌండ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ కింద కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే కొత్త ఇంటర్‌ఫేస్ కొనే పనే లేదు.

వర్చువల్ మెషిన్‌లో పాత విండోస్ వేసి దానికి బాక్సు అప్పగిస్తామని కొందరంటారు. నేను చేసి చూశాను. కనిపిస్తుంది, రికార్డు కూడా అవుతుంది, ప్రతి కొన్ని సెకన్లకీ ఒక చిటుకు. యూఎస్‌బీలో ఆడియో మళ్లీ పంపడమనేది లేకుండా టైము ప్రకారం పరిగెత్తే సరుకు, మధ్యలో ఇంకో గుమాస్తా కూర్చుంటే చేజారుతుంది. దానికన్నా మూలనున్న పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే ఇంటర్నెట్ తీసేసి, కేవలం రికార్డింగ్ యంత్రంగా వాడుకోవడం నయం.

---

సోల్డరు పొగ:

ఇంటివాడు గారి మాట ఒప్పుకుంటాను, ప్రయత్నించడానికి ఖర్చేమీ లేదు. కానీ 37 క్యాసెట్లంటే 55 గంటలు పైన. టేపు టేపు వేగంతోనే నడుస్తుంది, ఏ ప్రాసెసర్ వేసినా తొందరపడదు. అంత పని ముందున్నప్పుడు రోజూ పెన్‌డ్రైవ్ మీంచి బూట్ చేయించే ఏర్పాటు నాకు నచ్చదు. ఎవరి ఓపిక వాళ్లది.

---

రివైండ్ పెన్సిల్:

చెప్పినవన్నీ చేశాను.

లైవ్ లైనక్స్‌లో పాత బాక్సు నిజంగానే కనిపించింది! ముచ్చటేసింది. అయినా పొగ గారి మాటే విని కొత్త ఇంటర్‌ఫేస్ తెచ్చుకున్నాను. రోజూ ఆఫీసు పని చేసే ల్యాప్‌టాప్ ఇదే, మాటిమాటికీ అటూ ఇటూ బూట్ చేయలేను.

మొదటి క్యాసెట్ ఏ వైపు ఎక్కింది. స్టీరియో, శుభ్రంగా ఉంది. ఫైలు 476 ఎంబీ వచ్చింది. ఈ లెక్కన మొత్తం 35 జీబీ, కంగారు లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, బ్యాటరీ మీదే రికార్డు చేసినా వాయించని చోట్ల సన్నగా హమ్ వినిపిస్తోంది. టేపు ఆపితే పోతుంది, మళ్లీ నడిస్తే వస్తుంది. రెండు, అక్క మళ్లీ అదే మాట: శ్రుతి పెరిగింది. మరీ స్వరం మారేంత కాదు, అందులో సగం అంటోంది. డెక్ మోటారు వెనక చిన్న రంధ్రం, లోపల స్క్రూ కనిపిస్తున్నాయి. అది తిప్పితే వేగం తగ్గుతుందని ఎక్కడో చదివాను. తిప్పనా?

---

సోల్డరు పొగ:

తిప్పకండి! స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఇది చదవండి.

టేపు నడిస్తేనే వస్తోందంటే ఆ హమ్ ఇప్పటిది కాదు. ఆనాటి టూ ఇన్ వన్ కరెంటు మీద నడుస్తూ అక్క వయొలిన్‌తో పాటు టేపు మీద రాసిపెట్టిన హమ్ అది. దాన్ని తుడిచేసే ముందు మనకి పనికొస్తుంది.

కరెంటు హమ్ 50 హెర్ట్జ్‌లో, దాని రెట్టింపు 100లో ఉంటుంది. కొన్ని దేశాల్లో 60, 120. రికార్డు చేసినప్పుడు 100గా ఎక్కింది, ఇప్పుడు మీ డెక్ మీద 100గానే రావాలి. ఎక్కువ వస్తోందంటే అప్పటి యంత్రానికీ ఇప్పటి డెక్‌కీ వేగంలో ఎంత తేడా ఉందో అంతే శాతం పెరుగుతుంది. ఆడాసిటీలో (రికార్డింగులు సరిచేసే ప్రోగ్రాము) అక్క వాయించని ఒక నిమిషం సెలెక్ట్ చేసి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో గీసి చూపించే ప్లాట్ స్పెక్ట్రమ్ తెరవండి. సైజు 65536 పెట్టండి, అప్పుడు దాదాపు 0.7 హెర్ట్జ్ తేడాని కూడా విడదీసి చూపిస్తుంది. వయొలిన్ అట్టడుగు తీగ 196 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి దానికి కింద కనిపించే శిఖరాలేవీ అక్క వాయించినవి కావు. 100 చుట్టుపక్కల ఏ అంకె దగ్గర లేచిందో చెప్పండి.

ఒక్క హమ్‌నే నమ్మి తీర్పు చెప్పను. కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా గడియారంలా కచ్చితంగా ఉండదు, కాస్త ఊగుతుంటుంది. రెండో సాక్షి కావాలి. అక్క తీగలు దేనికి సరిచేసుకునేవారో అడగండి.

మోటారు స్క్రూ ఎందుకు వద్దన్నానంటే, తప్పు మీ డెక్‌ది అని ఇంకా రుజువు కాలేదు. క్యాసెట్ వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. ఆనాటి టూ ఇన్ వన్ దానికన్నా నెమ్మదిగా నడిచి ఉంటే, సరైన వేగంతో నడిచే ఏ డెక్ మీదైనా శ్రుతి పెరిగే వినిపిస్తుంది. 3000 గానీ 3150 గానీ హెర్ట్జ్ టెస్ట్ టేపు లేకుండా ఆ స్క్రూ తిప్పితే సరిగా ఉన్నదాన్ని చెడగొట్టుకుంటారు, వెనక్కి తెచ్చే గుర్తు కూడా ఉండదు.

---

రివైండ్ పెన్సిల్:

రెండు శిఖరాలు కనిపించాయి. 100 దగ్గర చిన్నది. 103 దగ్గర పెద్దది.

అక్కని అడిగాను. ట్యూనింగ్ ఫోర్కుతో, 440 హెర్ట్జ్. "ప్రతి క్యాసెట్ మొదట్లో 440కి సరిచేసిన తీగని ఖాళీగా మీటి చూసుకునేదాన్ని, వెతుకు" అంది. దొరికింది. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూస్తే 453!

---

సోల్డరు పొగ:

440ని 1.03తో గుణిస్తే 453. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పారు, 3 శాతం. అక్కగారు "స్వరంలో సగం" అన్నారే, పక్కపక్క స్వరాల మధ్య దూరం దాదాపు 6 శాతం, అందులో సగం ఈ మూడే. మీటరు పెట్టి చూడకుండా చెవితో చెప్పారు, ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

100 దగ్గర చిన్న శిఖరం మీ డెక్ తన సొంత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇప్పుడు కలుపుతున్నది. దాన్ని వదిలేయండి.

అసలు రికార్డింగ్ ఫైలుని అలాగే దాచి, కాపీ మీద పనిచేయండి. వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్ట్ వాడాలి, శ్రుతిని ఒక్కదాన్నే మార్చేది కాదు. మైనస్ 2.913 శాతం. మైనస్ 3 కొట్టకండి. 103ని 100కి తేవాలంటే తగ్గించాల్సింది 103లో 3 కదా, 100లో 3 కాదు. వేగం సరిచేశాకే హమ్ తీసే ఫిల్టర్ వేయండి, అప్పుడది తిన్నగా 100 మీద కూర్చుంటుంది. అన్ని క్యాసెట్లకీ ఇదే అంకె అనుకోకండి, ప్రతిదానికీ ఆ తీగ విని చూసుకోండి. టూ ఇన్ వన్ బెల్టు సాగుతూ పోయి ఉంటే తర్వాతి క్యాసెట్లలో తేడా పెరుగుతుంది.

దాచడానికి ఫ్లాక్ ఫైళ్లుగా (శబ్దం చెడకుండా సైజు తగ్గించే రకం) చేసుకోండి, దాదాపు సగం జాగా మిగులుతుంది, శబ్దంలో ఏదీ పోదు.

---

రివైండ్ పెన్సిల్:

సరిచేసింది అక్కకి వినిపించాను. కళ్లు మూసుకుని పది నిమిషాలు కదలకుండా వింది. నేను ఏదో అంటుందని చూస్తున్నాను. "ఆపు, వెనక్కి తిప్పు" అంది. తిప్పాను. "ఇప్పుడు శ్రుతి సరిగ్గా ఉంది. ఇక్కడ మూడో వేలు కిందకి పడింది, ఇది టేపు తప్పు కాదు, నాదే. బీ వైపు పెట్టు" అంది.

బీ వైపు, రెండో క్యాసెట్ అయిపోయాయి. రెండోదానికి తీగ 453 కాదు, 454. మూడో క్యాసెట్ పెడితే ఒక పక్క శబ్దం వచ్చిపోతూ ఉంది. తీసి చూస్తే లోపల హెడ్డుకి ఎదురుగా ఉండాల్సిన చిన్న మెత్త ఊడి పెంకులో దొర్లుతోంది. గమ్ పెట్టి అతికించనా?

---

సోల్డరు పొగ:

గమ్ వద్దు, టేపుకి అంటితే హెడ్డు దాకా పోతుంది. పెంకుకి ఐదు స్క్రూలుంటే విప్పి, అలాంటి స్క్రూలే ఉన్న పనికిరాని క్యాసెట్ పెంకులోకి మీ రీళ్లు రెండూ మార్చేయండి. విప్పే ముందు ఫోటో తీసుకోండి, టేపు ఏ రోలర్ వెనక నుంచి ఏ పిన్ను మీదుగా వెళ్లిందో తర్వాత గుర్తుండదు. బల్ల మీద పడుకోబెట్టి పై పెంకు మాత్రమే నెమ్మదిగా ఎత్తండి. మెత్త వెనకున్న రాగి రేకు స్ప్రింగులా ఎగిరి మంచం కిందకి పోతుంది, దాని మీద ఓ వేలు ఉంచండి. స్క్రూలు లేని, అతికించిన పెంకు అయితే ఫోటో పెట్టండి, దాన్ని విప్పే పద్ధతి వేరు.